కడ బంతి

యోరుండుర్ ఉద్యోగం విరమిస్తూ నా చేతిలో పెట్టింది
ఒక తాళంచెవి, ఒక నోటుపుస్తకం,
దానికి దారంతో కట్టిన పెన్సిలు.
ఎవరికి ఏ రాత్రి ఏ యంత్రమో
పద్నాలుగేళ్లుగా అందులోనే ఉంది.
కొన్ని పేజీలు రబ్బరు రుద్ది రుద్ది పలచబడ్డాయి.
అక్కడ ఎవరో బతిమాలారన్నమాట.

ఈసాఫ్యోర్దుర్ రేవులో
చేపలు గడ్డకట్టించే పాత ఫ్యాక్టరీ కింద
పదకొండు యంత్రాలు.
అన్నిటికీ మునిగిపోయిన పడవల పేర్లు.
ఎందుకలా పెట్టావని అడిగితే
"ఇంక మునగవుగా" అన్నాడు.

పుస్తకం బదులు పంచిపెట్టేవాణ్ణి తెమ్మన్నారు.
మనిషి కాదు, సాఫ్ట్‌వేర్.
వచ్చిన పనిని వరసలో నిలబెడుతుంది,
ఖాళీ చూసి కూర్చోబెడుతుంది,
గడువు దాటితే చెయ్యి పట్టి లేపేస్తుంది.
వడ్డించేవాడు మనవాడైతే
కడ బంతిలో కూర్చున్నా ఒకటేనంటారు.
వీడు ఎవరివాడూ కాడు.
అదొక్కటే వీడి అర్హత.

మొదటి రోజంతా గడియారాలకే సరిపోయింది.
బ్లికి ఆరు నిమిషాలు వెనకబడి ఉంది,
మిగతా పదీ దాని మాట నమ్మలేదు.
తాళం అదే, గుర్తు అదే.
అయినా ఆరు నిమిషాల కిందటివాడితో
ఎవరు మాట్లాడతారు?

రెండో రోజు నా అబద్ధం.
అరవై నాలుగు గిగాబైట్ల మెమరీ ఉందని రాశాను.
ఉన్నది అరవై రెండున్నర.
లెక్క చూసుకుని, ఒక్కొక్కటే
బంతిలోంచి లేచి పక్కకు పోయాయి యంత్రాలు.
డబ్బా మీది అంకెను నమ్మి
నేను జీతం కూడా అలాగే ఖర్చుపెడతాను.

మూడో రోజు రాత్రి తొమ్మిదికి
మొట్టమొదటి పని పంపాను. ఒకటే ప్రశ్న:
నీ పేరేమిటి?
వరసలో ఒక్క క్షణం నిలబడి
జవాబు తెర మీదికి వచ్చింది.
హాఫ్‌దీస్.
ముప్పై ఏళ్ల కింద మునిగిన పడవ
పలికిందని ఆ వేళప్పుడు ఎవరికి చెప్పను?
కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదు.
కనక అందరికీ అడగడం నేర్పాలి:
ఎన్ని యంత్రాలు, ఎంత మెమరీ, ఎంతసేపు.
నలభై నిమిషాల పనికి బార్దుర్ ఏడు రోజులు అడిగేవాడు,
"ఎందుకైనా మంచిద"ని.
ఏడు రోజుల ఖాళీ ఎప్పుడొస్తుంది?
చిన్న ఆకుతో వచ్చినవాళ్లు సందు చూసి దూరి
తినేసి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాళ్లు.
చివరికి పనిని నాలుగు వందల ముక్కలు చేసి
ఒక్కసారే తోలాడు.

ఫిబ్రవరిలో, గాలి తలుపుల్ని తంతున్న రాత్రి
మూడింటికి స్నైఫ్రిదుర్ ఫోను.
ఊరి మీది వాలులో మంచు ఎంత పేరుకుందో
తెల్లారేలోపు లెక్క తేలాలి,
పదమూడు ఇళ్లవాళ్లను లేపాలా వద్దా.
తెర మీద ఆమె పని పక్కన: వేచి ఉంది.
కారణం: ప్రాధాన్యం.
ముందున్నవి బార్దుర్‌వి,
నాలుగు వందల కాడ్ చేపల చెవిరాళ్లు,
ఒక్కో రాతిలో వయసు గీతలు లెక్కపెట్టుకుంటూ.

ఎవరివాడూ కానివాడు
చాలా న్యాయంగా ఉన్నాడు.

పుస్తకమైతే రబ్బరు చాలేది.
కొంకర్లు పోయిన వేళ్లతో నియమం రాశాను:
మంచు వస్తే చేప లేవాలి.
చదివి, మళ్లీ చదివి, నొక్కాను.
నాలుగు వందల రాళ్లు ఆకుల ముందునుంచి లేచి
వరస చివరికి నడిచాయి.
నాలుగున్నరకు పదమూడు ఇళ్లల్లో దీపాలు.

కొండ ఆ రాత్రి కదల్లేదు.
దానికి నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

పొద్దున బార్దుర్ తడి బూట్లతో వచ్చాడు.
క్షమాపణకు నోరు తెరిచాను.
"చచ్చిన చేపలు, వాటికేం తొందర"
అని కాఫీ పోసుకున్నాడు.
ఆ పూట నలభై నిమిషాల పనికి
గంటే అడిగాడు.

నోటుపుస్తకం సొరుగులోనే ఉంది.
ఆ తేదీ కింద పెన్సిలుతో రాశాను:
స్నైఫ్రిదుర్, పదకొండూ, తెల్లారేదాకా.